గీత మీద మొలిచిన సాక్ష్యం

కంటి ఆసుపత్రుల్లో జరిగే పనుల్లో కొన్నిటికి మంచి పేరుంది. శుక్లం తీసి లెన్సు పెట్టడం, దానంగా వచ్చిన కార్నియాను చూపు లేని కంటికి కుట్టడం, లేజర్‌తో అద్దాలు మాన్పించడం లాంటివాటి గురించి పత్రికలు రాస్తాయి, బంధువులు చెప్పుకుంటారు. వీటితో పాటు, రోగిని స్లిట్ ల్యాంప్ అనే పరికరం ముందు కూర్చోబెట్టి పది పదిహేను నిమిషాల్లో ముగించే పని ఇంకొకటి ఉంది. దాన్ని కార్నియల్ స్క్రేపింగ్ అంటారు. కార్నియా మీద పడ్డ పుండు నుంచి పిసరంత గీకి తీసి, అందులో ఏ క్రిమి ఉందో పట్టుకునే పని అది. చేయించుకున్నవాళ్లకు కూడా అది పెద్ద విషయంగా గుర్తుండదు. నాకు మాత్రం నేత్రవైద్యంలో ఇంత నిండైన పనితనం కనిపించే చోట్లు చాలా తక్కువ అనిపిస్తుంది. అదెంత గొప్పదో తెలియాలంటే కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లకు వచ్చే బ్యాక్టీరియా పుండునే చూడాలి. అక్కడ వ్యవధి బొత్తిగా ఉండదు.

మామూలుగా ఆ కేసు ఇలా నడుస్తుంది. ఇరవై, పాతికేళ్ల వయసు. అద్దాలు ఇష్టం లేక సాఫ్ట్ లెన్సులు వాడకం. ప్రయాణంలోనో, అలసిపోయో ఒక రాత్రి వాటిని తీయకుండానే నిద్రపోతారు. తెల్లారేసరికి కన్ను ఎర్రబడి, గరగరలాడుతూ, నీళ్లు కారుతూ ఉంటుంది. కలక అనుకుని మందుల షాపులో ఏదో చుక్కల మందు కొని వేసుకుంటారు. మధ్యాహ్నానికి వెలుతురు వైపు చూడలేరు. నొప్పి పెరుగుతుంది. సాయంత్రానికి నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క తేలుతుంది. మామూలు కలకలో ఎరుపు, పుసి ఉంటాయి గానీ పుసి తుడిస్తే చూపు బాగానే ఉంటుంది. ఇక్కడ పుసి తుడిచినా మసక పోదు. దెబ్బ తగిలింది వెలుగు లోపలికి వెళ్లే దారిలో ఉన్న కార్నియాకే.

లెన్సులవాళ్ల పుళ్లలో ఎక్కువగా దొరికే బ్యాక్టీరియా సూడోమోనాస్ ఎరుజినోసా. తడి ఉంటే చాలు, ఎక్కడైనా బతుకుతుంది. కుళాయి మూతి, సింకు గొట్టం, బాత్‌రూమ్ మగ్గు, రోజుల తరబడి మార్చని లెన్సు డబ్బా, అన్నీ దానికి ఇళ్లే. పెద్దగా ఆహారం కూడా అక్కర్లేదు. అంటుకున్న చోట జిగురు పొర కట్టుకుని దాని చాటున ఉండిపోతుంది. ఆ పొరలోకి లెన్సు శుభ్రం చేసే ద్రావణం కూడా సరిగ్గా దిగదు. కార్నియాలోకి చేరిందంటే ప్రొటీన్లను కరిగించే ఎంజైములు వదులుతుంది. దాన్ని చంపడానికి వచ్చిన మన తెల్ల రక్తకణాలు వదిలే ఎంజైములు కూడా అదే కణజాలాన్ని తినేస్తాయి. కార్నియా మధ్యలో మందం సుమారు అర మిల్లీమీటరు. తీవ్రంగా ఉన్న సూడోమోనాస్ పుండు ఒకటి రెండు రోజుల్లోనే దాన్ని కరిగించి చిల్లు పెట్టగలదు.

కార్నియా అంత తేలిగ్గా లొంగే కణజాలమేమీ కాదు. రక్తనాళం ఒక్కటి కూడా లేకుండానే తనను తాను కాపాడుకుంటుంది. దాని పై పొరలో ఐదారు వరసల కణాలు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. పాతవి రాలిపోతూ, కొత్తవి కింద నుంచి పైకి వస్తూ వారం పది రోజుల్లో పొర మొత్తం మారిపోతుంది. రెప్ప వేసినప్పుడల్లా కన్నీరు దాన్ని తుడుస్తుంది. ఆ కన్నీటిలో కొన్ని రకాల బ్యాక్టీరియా గోడలను తెగ్గొట్టే లైసోజైమ్ ఉంటుంది. పెన్సిలిన్ కంటే ముందే, 1922లో, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లోకానికి చెప్పిన పదార్థం ఇది. దాన్ని పరీక్షించడానికి నిమ్మరసంతో కన్నీళ్లు తెప్పించి మరీ పోగుచేసేవాడాయన. సూడోమోనాస్‌కు లైసోజైమ్ ఒక్కటే సరిపోదు గానీ, కన్నీటిలోని మిగతా ప్రొటీన్లు దానికి తోడవుతాయి. ఆరోగ్యంగా ఉన్న కార్నియా మీద సూడోమోనాస్‌ను వేసినా మామూలుగా అది పాతుకోలేదని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అమెరికాలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సుజేన్ ఫ్లైజిగ్ బృందం ఏళ్ల తరబడి ఈ రక్షణ రహస్యాన్నే తవ్వుతోంది.

లెన్సు పెట్టగానే ఈ లెక్క మారుతుంది. లెన్సుకూ కార్నియాకూ మధ్య కన్నీరు కదలక నిలవ ఉంటుంది. తుడుపు ఆగుతుంది. దానికి నిద్ర తోడైతే, మూసిన కంటికి అందే ఆక్సిజన్ తెరిచిన కంటికి అందేదానిలో దాదాపు మూడోవంతే. 1989లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో జరిగిన అధ్యయనం ఈ తేడాను లెక్కకట్టింది. రోజూ రాత్రి తీసేసే సాఫ్ట్ లెన్సులు వాడేవాళ్లలో ఏడాదికి పదివేల మందిలో 4.1 మందికి పుండు పడితే, రాత్రిళ్లు కూడా ఉంచుకునే రకం వాడేవాళ్లలో 20.9 మందికి పడింది. 1999 తర్వాత ఆక్సిజన్‌ను ధారాళంగా పోనిచ్చే సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు వచ్చాయి. ఇక బెంగ లేదనుకున్నారు. నిద్రలో ఉంచుకునేవాళ్లకు వచ్చే ఇన్‌ఫెక్షన్లు మాత్రం వాటితోనూ తగ్గలేదని 2008లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనం చెప్పింది. అంటే ఊపిరాడకపోవడం ఒక్కటే కారణం కాదన్నమాట.

లెన్సును దోషిగా నిలబెట్టాలని ఇదంతా రాయడం లేదు. 1961లో ప్రేగ్ నగరంలో, తన ఇంట్లో, పిల్లల మెకానో లాంటి బొమ్మల సెట్టుతో, సైకిల్ డైనమోతో యంత్రం కట్టి తొలి సాఫ్ట్ లెన్సులు తిప్పి తీసిన రసాయన శాస్త్రవేత్త ఒట్టో విక్టర్లే పనితనం మీద వేరే వ్యాసమే రాయొచ్చు. నియమంగా వాడితే ఏళ్లకేళ్లు ఏ తంటా లేకుండా వాడుకునేవాళ్లే ఎక్కువ. మిగిలిన కొద్దిమందికి పుండు పడ్డప్పుడు ఏం జరగాలన్నదే ఇక్కడి ప్రశ్న.

జరగాల్సిన మొదటి పని, మందు వేసే ముందే నమూనా తీయడం. ముందుగా మందు పడితే పుండు మానదు గానీ పైపైన ఉన్న బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తీసిన నమూనాలో ఏదీ మొలవదు. లోపల ఉన్నది మాత్రం పని కానిస్తూనే ఉంటుంది. అందుకే డాక్టరు చేతిలో ఉన్న మొదటి నిర్ణయం మత్తు చుక్క దగ్గరే మొదలవుతుంది. కంటిని మొద్దుబార్చే చుక్కలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని బ్యాక్టీరియాను కూడా అణచివేస్తాయి. ప్రొపరకైన్‌కు ఆ గుణం తక్కువ కాబట్టి దాన్నే ఎంచుకుంటారు. నొప్పి తెలియకూడదు, సాక్ష్యమూ చెడకూడదు. ఇంత చిన్న ఎంపికలో కూడా తర్వాతి వారం రోజుల పని గురించిన ఆలోచన ఉంది.

రోగి గడ్డం ఆసరా మీద ఆనించి, నుదురు పట్టీకి తాకించి కూర్చుంటాడు. వెనక నుంచి ఒకరు తల కదలకుండా పట్టుకుంటారు. రెప్పలు మూతపడకుండా సన్నటి తీగ క్లిప్పు పెడతారు. ముందు పుండు మీద పేరుకున్న పుసిని, జిగటను మెత్తగా తుడిచేస్తారు. అందులో ఉండేది చాలావరకు చచ్చిన కణాలు, రెప్పల మీద మామూలుగా బతికే క్రిములు. అసలు నేరస్థుడు కింద కణజాలంలో ఉంటాడు. తర్వాత డాక్టరు 15 నంబరు సర్జికల్ బ్లేడు గానీ, కిమురా స్పాచులా అనే పల్చటి ప్లాటినం గరిటె గానీ తీసుకుంటారు. మోచెయ్యి బల్ల మీద, చిటికెన వేలు రోగి చెంప ఎముక మీద ఆనుతాయి. స్లిట్ ల్యాంప్ వేసే సన్నని వెలుగు చీలికలో కార్నియా మందం, పుండు లోతు పక్క నుంచి కోసి చూపినట్టు కనిపిస్తాయి. ఆ వెలుగులో ఎక్కడ గీకాలో, ఎంత లోతు దాకా పోవచ్చో చూసుకుంటూనే చెయ్యి కదులుతుంది.

ఎక్కడ గీకాలన్నది తెలిసి చేసే పని. పుండు పాకుతున్న అంచు ఒకటి, అడుగు ఒకటి. న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా అయితే అంచున ఎక్కువగా దొరుకుతుంది. మొరాక్సెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా అయితే అడుగున. ఏది ఉందో ముందుగా తెలియదు కాబట్టి రెండు చోట్లా తీయాలి. మధ్యలో పూర్తిగా కరిగిపోయిన ముద్ద నుంచి తీస్తే చెత్తే వస్తుంది. చిన్నచిన్న గీతలుగా, ఒకే దిక్కులో గీకాలి. పైపైన నిమిరితే ఏమీ రాదు. కాస్త గట్టిగా, కణజాలం బ్లేడు అంచుకు అంటేలా గీకాలి. మరీ గట్టిగా పోతే, అర మిల్లీమీటరు మందంలో పుండు ఇప్పటికే సగం తినేసిన చోట చిల్లు పడుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఒత్తిడి పుస్తకంలో దొరకదు. పక్కన నిలబడి చూసి, పెద్దవాళ్ల కళ్ల ముందు చేసి, చేతికి రావాలి. వచ్చిన నమూనా ఎంత? బ్లేడు అంచున బూడిద రంగులో కనీకనబడని తడి. దాన్నే ఒక స్లైడుకు గానీ, ఒక పళ్లేనికి గానీ వాడతారు. మళ్లీ కొత్త బ్లేడు, మళ్లీ గీకుడు. స్పాచులా అయితే ప్రతిసారీ మంటలో కాల్చి చల్లారనివ్వాలి. వేడి తగ్గకముందే కంటికి తాకిస్తే కన్నూ కాలుతుంది, బ్యాక్టీరియా కూడా చస్తుంది. ఏడెనిమిది సార్లు ఇదంతా, రోగి ఓపిక చచ్చిపోకముందే అయిపోవాలి.

మొదటి వంతు స్లైడ్లది. గాజు మీద పూసిన నమూనా కంటికి కనబడదు కాబట్టి అడుగున ముందే గుండ్రంగా గుర్తు పెట్టుకుంటారు. రంగు వేసేవాళ్లకు, చూసేవాళ్లకు ఆ గుర్తే దారి. ఒక స్లైడుకు గ్రామ్ స్టెయిన్ పద్ధతిలో రంగు వేస్తారు. డెన్మార్క్‌కు చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన పద్ధతి నూట నలభై ఏళ్లయినా చెక్కుచెదరలేదు. ఊదా రంగు, అయొడిన్, ఆల్కహాల్ కడుగు, చివర ఎరుపు. ఊదా నిలుపుకున్నది ఒక జాతి, వదిలేసి ఎరుపు పట్టుకున్నది ఇంకో జాతి. నైపుణ్యం అంతా ఆల్కహాల్ కడుగులో ఉంది. కొన్ని సెకన్లు ఎక్కువైతే అన్నీ ఎర్రగా, తక్కువైతే అన్నీ ఊదాగా కనబడి దారి తప్పిస్తాయి. సరిగ్గా చేస్తే, వెయ్యి రెట్లు పెంచి చూసినప్పుడు తెల్ల రక్తకణాల మధ్య సన్నటి గులాబి రంగు పుల్లలు కనిపిస్తాయి. ఒక్కొక్కదాని పొడవు మిల్లీమీటరులో సుమారు ఐదువందల్లో ఒక వంతు. లెన్సులు వాడే మనిషి పుండులో ఈ పుల్లలు కనబడ్డాయంటే డాక్టరు మనసులో మొదట మెదిలే పేరు సూడోమోనాస్. రోగి ఇంకా బయట బెంచీ మీద కూర్చుని ఉండగానే ఈ జవాబు వచ్చేస్తుంది. ఇంకో స్లైడుకు పొటాషియం హైడ్రాక్సైడ్, కాల్కోఫ్లోర్ వైట్ కలిపి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద పెడతారు. బట్టలకు తెల్లదనం తేవడానికి తయారైన రసాయనం అది. ఫంగస్ పోగులను, అకాంతమీబా అనే అమీబా గూళ్లను పట్టుకుని చీకట్లో వెలిగిస్తుంది. స్లైడులో ఏమీ కనబడనంత మాత్రాన పుండులో ఏమీ లేదని కాదు. అక్కడే పళ్లేల అవసరం మొదలవుతుంది.

నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే. గాజు పళ్లెంలో అగర్ గడ్డకట్టి ఉంటుంది. మన షాపుల్లో చైనా గ్రాస్ పేరుతో అమ్మేది అదే. బ్యాక్టీరియాను పెంచడానికి అది పనికొస్తుందని 1881 ప్రాంతంలో సూచించింది ఫానీ హెస్సే. బ్యాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కోక్ దగ్గర పనిచేసే వాల్తర్ హెస్సే భార్య ఆమె. వంటింట్లో జెల్లీల కోసం వాడిన అనుభవంతో చెప్పిన మాట అది. మూత ఉన్న పళ్లెం మాత్రం 1887లో జూలియస్ పెట్రీ చేసింది. గొర్రె రక్తం కలిపినది బ్లడ్ అగర్. రక్తాన్ని వేడి చేసి కలిపితే గోధుమ రంగుకు తిరుగుతుంది, అది చాక్లెట్ అగర్. ఫంగస్‌కు సబూరో అగర్. అకాంతమీబా కోసం పోషకాలేమీ లేని అగర్ మీద ఇ.కోలై బ్యాక్టీరియాను పరుస్తారు; అమీబా దాన్ని తింటూ పోయిన దారులు మైక్రోస్కోపులో కనబడతాయి. ఇవి కాక రెండు మూడు గొట్టాల్లో ద్రవ ఆహారం. పళ్లేలన్నీ ఫ్రిజ్ నుంచి ముందే బయటపెట్టి గది వేడికి తెచ్చి ఉంచుకోవాలి. చల్లటి అగర్ మీద పడితే సున్నితమైన క్రిములు అక్కడే ప్రాణం వదులుతాయి.

ఇప్పుడు బ్లేడు అంచున ఉన్న ఆ తడితో అగర్ మీద గీస్తారు. ఇంగ్లీషు ‘సి’ అక్షరం ఆకారంలో, చిన్నగా, వరసగా. ఒక గీకుడుకు ఒక వరస ‘సి’లు. మళ్లీ గీకి, కింద ఇంకో వరస. ముగ్గు వేసే చెయ్యి నేలను గీరదు, పిండిని మాత్రమే జారవిడుస్తుంది. ఇక్కడా అగర్ తెగకూడదు, నమూనా మాత్రమే దాని మీద దిగాలి. తెగితే బ్యాక్టీరియా కిందకు జారి గుంపులు గజిబిజిగా మొలుస్తాయి, గీత చదవడానికి వీలుండదు.

ఈ ‘సి’ ఎందుకు? గాలిలో క్రిములున్నాయి, చేతుల మీద ఉన్నాయి, రెప్పల మీద ఉన్నాయి. రెండు రోజుల తర్వాత పళ్లెం తెరిస్తే ఏదో ఒకటి మొలిచే ఉంటుంది. అది కంటి పుండు నుంచి వచ్చిందా, మూత తీసినప్పుడు గాలి నుంచి రాలిందా ఎలా చెప్పడం? గాలి నుంచి రాలింది ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. పుండు నుంచి వచ్చింది గీసిన గీత మీదే మొలుస్తుంది. ‘సి’ ఒంపు వెంట వరసగా గుంపులు కట్టిందంటే అది సాక్ష్యం. గీత పక్కన, ఖాళీలో ఒంటరిగా మొలిచింది లెక్కలోకి రాదు. ఖరీదైన యంత్రం లేదు, రసాయనం లేదు. గీసే తీరులోనే నిజాన్నీ అబద్ధాన్నీ వేరు చేసే ఏర్పాటు ఉంది. ఇంత పొదుపైన ఆలోచన వైద్యంలో నాకు ఎక్కువగా కనబడలేదు. గీత మీద మొలిచినా ఒక్క పళ్లెం మాటే నమ్మరు. అదే క్రిమి రెండు రకాల ఆహారాల్లోనైనా రావాలి, లేదా ఒక పళ్లెంలోనే గీతంతా ఒత్తుగా అల్లుకోవాలి, లేదా స్లైడులో కనబడినదానితో సరిపోలాలి. అప్పుడే రిపోర్టులో పేరు రాస్తారు.

సూడోమోనాస్ అయితే ఎదురుచూపు ఎక్కువ ఉండదు. మర్నాడు పొద్దున్నే మొలుస్తుంది. ‘సి’ గీతల మీద చదునైన గుంపులు, లోహపు మెరుపు, చుట్టూ రక్తం విరిగిన పేలవమైన వలయం, రంగులేని అగర్ మీద అయితే ఆకుపచ్చ ఛాయ. ద్రాక్షపండ్ల లాంటి వాసన కూడా దానికి గుర్తు. పని తెలిసిన టెక్నీషియన్‌కు పళ్లెం చూడగానే అనుమానం బలపడుతుంది, అయినా పరీక్షలు చేయకుండా పేరు చెప్పరు. ఆ తర్వాత మందుల పరీక్ష. బ్యాక్టీరియాను ఒక ప్రమాణానికి సరిపడే మసక వచ్చే దాకా ద్రవంలో కలిపి, కొత్త పళ్లెమంతా సమంగా పరిచి, ఒక్కో యాంటీబయాటిక్ నింపిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలు దాని మీద ఉంచుతారు. మర్నాడు బిళ్ల చుట్టూ ఏమీ మొలవని ఖాళీ వలయాన్ని స్కేలుతో కొలుస్తారు. ఏ మందు పనిచేస్తుందో, ఏది చెయ్యదో ఆ మిల్లీమీటర్లు చెబుతాయి. మందులకు లొంగని సూడోమోనాస్ మన దేశంలో కంటి పుళ్లలోనూ కనబడుతున్న కాలమిది. ఈ కొలత అందుకే ఇదివరకటి కంటే విలువైనది.

ఈ క్రమశిక్షణకు మన ప్రాంతంలో గట్టి చిరునామా హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి. సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన విరాళంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన సంస్థ. అక్కడి మైక్రోబయాలజీ విభాగాన్ని డాక్టర్ సావిత్రీ శర్మ ఏళ్ల తరబడి నడిపించారు. పుండు చూసిన డాక్టరుకూ, పళ్లెం చూసే ల్యాబుకూ మధ్య ఉండే దూరాన్ని ఆ సంస్థ బాగా తగ్గించింది. పదేళ్లకు పైబడిన అనుభవాన్ని 2009లో ప్రచురించినప్పుడు, వాళ్లు పరిశీలించిన దాదాపు 5,900 కేసుల్లో 60 శాతానికి కల్చర్‌లో, అంటే పళ్లేల మీద పెంచి చూసినప్పుడు, కారణం తేలింది. తేలినవాటిలో సగానికి కాస్త పైగా బ్యాక్టీరియా, మూడోవంతుకు పైగా ఫంగస్.

ఆ చివరి అంకె మన డాక్టర్లందరూ గుర్తుంచుకోవాల్సింది. చల్లటి దేశాల్లో కార్నియా పుండు అంటే బ్యాక్టీరియా అనుకుని మందు మొదలుపెడితే చాలాసార్లు సరిపోతుంది. వరి కోతల్లో, చెట్ల కొమ్మలు తగిలి, దుమ్ము పడి కళ్లు దెబ్బతినే మన తెలుగు నేల మీద అది కుదరదు. ఇక్కడ ఫంగస్ ఎంతో ఉంది. లెన్సు పెట్టుకునే మనిషికైతే సూడోమోనాస్‌తో పాటు అకాంతమీబా అనుమానం కూడా ఉండాలి, మరీ ముఖ్యంగా లెన్సును కుళాయి నీళ్లతో కడిగే అలవాటుంటే. మూడు రకాల క్రిములు, మూడు దారుల వైద్యం. ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు పడ్డాయంటే ఎరుపు తగ్గి కన్ను బాగుపడుతున్నట్టే ఉంటుంది, లోపల క్రిమికి మాత్రం అడ్డు తొలగిపోతుంది. అంచున ఉన్న చిన్న పుండుకు పరీక్ష లేకుండా మందు మొదలుపెట్టే డాక్టర్లు ఉన్నారు, అందులో తప్పు లేదు. పుండు రెండు మిల్లీమీటర్లు దాటినా, చూపు దారిలో ఉన్నా, లోతుగా దిగినా, వేసిన మందుకు తగ్గకపోయినా గీకి చూడకపోవడం మాత్రం తప్పే. ల్యాబు లేదనో, తీరిక లేదనో ఈ పని వదిలేస్తున్న చోట్లు తక్కువేమీ లేవు. స్లిట్ ల్యాంప్, బ్లేడు, నాలుగు స్లైడ్లు, ఒక మైక్రోస్కోపు ఉంటే మొదటి జవాబు అక్కడికక్కడే వస్తుంది. జిల్లా ఆసుపత్రికి ఇవి అందని వస్తువులు కావు.

లెన్సుల కేసుల్లో ఇంకొక సాక్షి కూడా ఉంటుంది. లెన్సు, దాని డబ్బా. కంటి నుంచి తీసిన నమూనాలో ఏమీ మొలవకపోయినా, డబ్బా అడుగున ఉన్న ద్రావణంలో అదే బ్యాక్టీరియా దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి. కంటిలో దొరికిందీ డబ్బాలో దొరికిందీ ఒకటే అయితే అది ఎటు నుంచి వచ్చిందో స్పష్టమవుతుంది. డబ్బాలో మాత్రమే దొరికితే, అది పూర్తి రుజువు కాకపోయినా, వైద్యానికి ఒక దిక్కు చూపిస్తుంది. అనుభవమున్న డాక్టరు అందుకే మొదటి ప్రశ్నగా ‘లెన్సు డబ్బా తెచ్చారా’ అని అడుగుతారు.

పేరు తెలిశాక జరిగే పనిలోనూ చేతి నేర్పు ఉంది. తీవ్రమైన పుండుకు షాపులో దొరికే చుక్కల గాఢత చాలదనుకుంటే ఆసుపత్రిలోనే మందు గాఢత పెంచుతారు. ఉదాహరణకు, టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ 5 మిల్లీలీటర్ల మామూలు చుక్కల సీసాలో ఉండే మందు 15 మిల్లీగ్రాములు. దానిలోకి 2 మిల్లీలీటర్ల ఇంజెక్షన్ మందు, అంటే 80 మిల్లీగ్రాములు, సిరంజితో ఎక్కిస్తే మొత్తం 7 మిల్లీలీటర్లలో 95 మిల్లీగ్రాములు అవుతుంది. 0.3 శాతం కాస్తా 1.36 శాతమైంది. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లోనే వాడేసి పారేయాలి. మొదటి ఒకటి రెండు రోజులు గంటకోసారి, అర్ధరాత్రి కూడా, అలారం పెట్టుకుని వెయ్యాలి. ఆ రాత్రుల్లో అమ్మో, రూమ్‌మేటో లేచి వేసిన చుక్కలకు కూడా ఈ వైద్యంలో సగం వాటా ఇవ్వాలి. పుండు మానినా మచ్చ మిగలొచ్చు. మధ్యలో మిగిలితే చూపు తగ్గుతుంది, కొందరికి కార్నియా మార్పిడి దాకా వెళ్తుంది. మందు ఎంత త్వరగా సరైనదైతే మచ్చ అంత చిన్నదవుతుంది. ఆ తొందర మొత్తం మొదటి గంటలో గీకిన ఆ పిసరంత నమూనా మీద ఆధారపడి ఉంటుంది.

లెన్సులు వాడేవాళ్లకు నా మనవి ఒక్కటే. పడుకునే ముందు తీసేయండి. నీళ్లు తగలనివ్వకండి, స్నానంలోనూ, ఈతలోనూ. డబ్బాలో పాత ద్రావణం పారబోసి కొత్తది పోయండి, డబ్బాను బోర్లించి ఆరనివ్వండి, మూడు నెలలకోసారి మార్చండి. ఇంత చేసినా ఒక రోజు కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, చూపు మసకబారితే లెన్సు వెంటనే తీయండి గానీ పారేయకండి. దాన్ని డబ్బాలోనే ఉంచి, డబ్బా, ద్రావణం సీసా సహా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. దారిలో మందుల షాపు దగ్గర ఆగి చుక్కలు వేసుకోకండి. లెన్సులు వాడతానని మీరే ముందుగా చెప్పండి. మందు మొదలుపెట్టే ముందు ‘స్క్రేపింగ్ చేయాల్సిన అవసరం ఉందా డాక్టర్‌గారూ’ అని అడగండి.